ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇంజన్ బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది: ఒక కాజీపేట బండి కేస్ స్టడీ

బండి టెంపో ట్రావెలర్. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్ పెట్టించి క్యారవాన్‌గా మార్పించుకున్నారు. ఓనరు కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. భార్యాభర్తలిద్దరూ కలిసి లక్నవరం, రామప్ప, బొగత వైపు తిరుగుతారు, మేడారం జాతరకు బండిలోనే వెళ్లి బండిలోనే ఉంటారు. మిగతా రోజుల్లో బండి మడికొండ దగ్గర చుట్టాల ఖాళీ ప్లాట్‌లో, ప్రహరీ లోపల ఆగి ఉంటుంది. ఆ ప్లాట్‌లో కరెంటు కనెక్షన్ లేదు.

కంప్లైంట్ ఒక్కటే. మూడు నాలుగు వారాలు ఆగితే సెల్ఫ్ ఎత్తుకోదు. తాళం తిప్పితే టక్ టక్ అంటుంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారుతాయి, ఇంజన్ మాత్రం తిరగదు. ఎవరినో బతిమాలి ఇంకో బండి తెప్పించి జంపర్ కేబుల్స్ కొట్టాల్సిందే. ఇప్పటికే రెండు బ్యాటరీలు మార్చారు, మూడోదానికి ఇంకా ఏడాది కూడా నిండలేదు. చూపించిన ప్రతిచోటా "బ్యాటరీ పోయింది" అనో, "డైనమో వీక్ ఉంది" అనో చెప్పి పంపించారు.

పెద్దాయన నన్ను అడిగింది ఇదీ: "మీద ఇంత సోలార్ పెట్టుకొని కూడా జంపర్ కొట్టుకునుడేంది తమ్మీ? ఫోన్ల చూస్తే బ్యాటరీ వంద శాతం అని చూపిస్తది. ఆదివారం ఆదివారం పోయి పావుగంట స్టార్ట్ చేసి పెడుతున్న. ఇంకేం చెయ్యాలె?"

ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే. మీద 330 వాట్ల ప్యానెళ్లు ఉన్నాయి, ఫోన్‌లో వంద శాతం చూపిస్తున్న మాటా నిజమే. కానీ అది క్యాబిన్ బ్యాటరీ లెక్క. క్యారవాన్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి. లోపలి లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడిపేది ఒకటి. ఈ బండిలో అది 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). సెల్ఫ్ మోటార్‌కి కరెంటు ఇచ్చే ఇంజన్ బ్యాటరీ వేరు. ఇది నీళ్లు పోసే మామూలు లెడ్ యాసిడ్, 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. సోలార్ కంట్రోలర్ నుంచి వచ్చే వైరు క్యాబిన్ బ్యాటరీ దగ్గరే ఆగిపోతుంది. రెంటి మధ్యా ఒక పెద్ద రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఉంది గానీ, అది ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కలుస్తుంది, డైనమో కరెంటును లోపలికి పంపడానికి. ఇంజన్ ఆగితే రిలే విడిపోతుంది. అంటే ఎండంతా లోపలి బ్యాటరీకి పోతుంది, ఇంజన్ బ్యాటరీకి చుక్క కూడా రాదు. మధ్యాహ్నానికి లోపలిది నిండిపోయాక ప్యానెళ్లు ఊరికే ఎండుతుంటాయి. క్యారవాన్‌లు కట్టేవాళ్లలో చాలామంది ఇలాగే వదిలేస్తున్నారు. ఇంత ఖర్చు పెట్టి చేయించుకున్న మనిషికి ఈ ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం నాకు బాధనిపిస్తుంది.

సరే, చార్జింగ్ రాకపోతే రాకపోయింది. ఆగి ఉన్న బండిలో బ్యాటరీ నెల తిరగకుండానే ఎందుకు ఖాళీ కావాలి? అసలు పని అక్కడ మొదలైంది.

వచ్చిన రోజు ఇంజన్ బ్యాటరీ 11.7 వోల్టులు చూపించింది. బండి ఆపి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక కొలిస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 మధ్య ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 11.7 అంటే ఖాళీ అయినట్టే. కొత్తది అమ్మేయడం సులువే గానీ, ఖాళీగా ఉన్న బ్యాటరీని టెస్ట్ చేసి "పోయింది" అని తీర్పు చెప్పడం తప్పు. ముందు 8 ఆంపియర్లతో నెమ్మదిగా రాత్రంతా చార్జింగ్ పెట్టాం. పొద్దున యాసిడ్ సాంద్రత (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటర్ ముంచితే ఆరు సెల్స్‌లో రీడింగులు 1.235 నుంచి 1.245 మధ్య వచ్చాయి. సెల్‌కీ సెల్‌కీ మధ్య 50 పాయింట్ల తేడా, అంటే 0.050, ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. ఇక్కడ 10 పాయింట్లే. లోడ్ టెస్టర్ 15 సెకన్లు పట్టినా 9.6 కంటే కిందికి పడలేదు. బ్యాటరీ నీరసపడింది గానీ చచ్చిపోలేదు.

తర్వాత, ఆగి ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతోందో కొలిచాం. ఈ కొలత తొందరపడి చేస్తే తప్పు లెక్క వస్తుంది కాబట్టి ఎలా చేశామో వివరంగా చెప్తాను. మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, నెగెటివ్ టెర్మినల్‌కీ దాని కేబుల్‌కీ మధ్యలో కలపాలి. కేబుల్ విప్పే ముందే ఒక చిన్న జంపర్ వైరుతో టెర్మినల్‌నీ కేబుల్‌నీ కలిపి ఉంచాలి, మీటర్ తగిలించాక దాన్ని తీసేయాలి. అలా చేస్తే బండికి కరెంటు ఒక్క క్షణం కూడా పోదు. పోతే బండి కంప్యూటరు (ఈసీయూ), లాక్ మాడ్యూల్ మళ్లీ మేలుకుంటాయి, స్టీరియో మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. డోర్లు వేసి, తాళం తీసేసి కనీసం అరగంట ఆగాలి. మొదటి నిమిషంలో 2 ఆంపియర్లు కనిపించినా కంగారు పడొద్దు, మాడ్యూల్స్ ఒక్కొక్కటే నిద్రపోయాక అసలు అంకె బయటపడుతుంది. మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

అరగంట తర్వాత మీటర్ 145 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబడింది.

మామూలు బండికి 50 లోపు ఉంటే సరే అనుకోవచ్చు. 145 అంటే రోజుకు దాదాపు 3.5 ఆంపియర్ అవర్లు, వారానికి 24, నెలకు 100 దాటుతుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది?

ఎవరు లాగుతున్నారో పట్టుకోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతారు చాలామంది. పీకి మళ్లీ పెట్టినప్పుడల్లా ఏదో ఒక మాడ్యూల్ మేలుకుని లెక్క చెడిపోతుంది. ఫ్యూజ్ పీకకుండా దాని తల మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలిస్తే చాలు. సున్నా కాకుండా ఏమైనా చూపిస్తే ఆ లైన్‌లో కరెంటు పారుతున్నట్టే. అలా వెతికితే దొరికిన లెక్క ఇదీ: బండి సొంత కంప్యూటరు, లాకులు 25. పెద్దాయన పెట్టించుకున్న జీపీఎస్ ట్రాకర్ 30. తలుపు దగ్గర మెట్టు లైటు కంట్రోలర్ 15. మిగిలిన 75 ఆండ్రాయిడ్ స్టీరియోది.

స్టీరియో ఊడదీసి వెనక చూస్తే విషయం తెలిసింది. బయట కొన్న స్టీరియోకి పసుపు వైరు, ఎరుపు వైరు అని రెండు పాజిటివ్‌లు ఉంటాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కి పోవాలి, టైమూ స్టేషన్లూ గుర్తుపెట్టుకోవడానికి. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే లైన్‌కి పోవాలి. ఇక్కడ రెంటినీ మెలేసి, ఒకే టేపు చుట్టి, ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కి కలిపేశారు. బండి ఆగినా పాటలు వినొచ్చు అన్న ఉద్దేశంతో చేసి ఉంటారు. స్క్రీన్ ఆర్పేసినా స్టీరియో లోపల మేలుకునే ఉంటోంది, నెలల తరబడి.

ఎరుపు వైరు విడదీసి తాళం లైన్‌లో కలిపితే స్టీరియో 75 నుంచి 5కి పడిపోయింది. మెట్టు లైటుని క్యాబిన్ బ్యాటరీకి మార్చాం. అది లోపలి సామానే కదా, ఇంజన్ బ్యాటరీ మీద దానికి పనేంటి. ట్రాకర్ మాత్రం ఉంచమన్నారు, ఖాళీ ప్లాట్‌లో బండి ఉంటోంది కాబట్టి ఆ మాట సబబే. చివరికి మొత్తం 60 మిల్లీ ఆంపియర్లు.

ఇక ఆదివారం పావుగంట సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నమ్మేది దీన్నే. పెద్దాయన కూడా గట్టిగా నమ్మారు. మాటలతో చెప్పే బదులు కేబుల్‌కి క్లాంప్ మీటర్ తగిలించి ఆయన్నే చూడమన్నాను. సగం దిగిన బ్యాటరీతో, ఐడిల్‌లో, ఏసీ బ్లోయర్ కూడా నడుస్తుండగా బ్యాటరీలోకి మొదట్లో 18 ఆంపియర్లు పోయింది, రెండు నిమిషాల్లో 12కి తగ్గి అక్కడే నిలబడింది. డైనమోలో లోపం లేదు, రేస్ చేస్తే 14.2 వోల్టులు వస్తోంది. ఐడిల్‌లో అది ఇచ్చేదే తక్కువ. 12 ఆంపియర్లు పావుగంట అంటే 3 ఆంపియర్ అవర్లు. వారమంతా పోయింది 24, ఆదివారం తిరిగొచ్చింది 3. ఆయన కాసేపు మీటర్ వైపే చూసి, "అంటే వారం వారం 21 బాకీ పడుతున్నట్టేనా" అన్నారు. అచ్చంగా అంతే. మూడు వారాలకు 63. నాలుగో ఆదివారానికి సెల్ఫ్ ఎత్తుకోకపోవడంలో వింతేముంది.

పైగా చల్లటి డీజిల్ ఇంజన్‌ని లోడ్ లేకుండా పావుగంట తిప్పి ఆపేస్తే నూనె వేడెక్కదు, సైలెన్సర్‌లో తేమ నిలుస్తుంది, మసి పేరుకుంటుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బీఎస్-6 బండ్లకైతే ఇంకా చేటు. నడపాలంటే రోడ్డెక్కించి గంటకు తగ్గకుండా నడపాలి. అలా నడిపినా లెడ్ యాసిడ్ బ్యాటరీలో చివరి ఇరవై శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, ఎంత పెద్ద డైనమో ఉన్నా గంటల సమయం పడుతుంది. ఎప్పుడూ నిండకుండా సగం సగంలోనే ఉండే బ్యాటరీలో ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఆ భాగం కరగదు. ఈయన ముందు రెండు బ్యాటరీలు పోయింది అలాగే అని నా అంచనా.

60 మిల్లీ ఆంపియర్లకు తగ్గించినా నెలకు 43 ఆంపియర్ అవర్లు పోతుంది. దీనికి తోడు బ్యాటరీ తనంతట తాను కొంత దిగుతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే, ఎండలో నిలబెట్టిన బండి లోపల ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక చిన్న చార్జింగ్ ఎప్పుడూ ఉండాల్సిందే. చిన్నది చాలు గానీ తెగకుండా ఉండాలి. ఈ కేసులో నేను తేల్చుకున్నది ఇదే: అప్పుడప్పుడు పెట్టే పెద్ద చార్జింగ్, రోజూ ఉండే చిన్న చార్జింగ్‌కి సాటి రాదు.

మీద ఎటూ ఎండ వృథా అవుతోంది. దాన్ని కిందికి ఎలా తేవాలన్నదే ప్రశ్న. కంట్రోలర్లలో కొన్నిటికి ఇంజన్ బ్యాటరీ కోసం రెండో అవుట్‌పుట్ ఉంటుంది, ఈ బండిలో ఉన్నదానికి లేదు. వోల్టేజీని బట్టి కలిసే రిలే ఒకటి పెట్టమని ఆయనకు ఎవరో చెప్పారట. అలాంటి రిలేలు 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోతాయి. రెండూ లెడ్ యాసిడ్ అయితే అది బాగానే పనిచేస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మాత్రం చార్జింగ్ లేకుండా ఊరికే ఉన్నా 13.3 దగ్గర ఉంటుంది, దాదాపు ఖాళీ అయ్యేదాకా 12.8కి రాదు. రిలే ఇక విడిపోదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ సన్న వైర్ల గుండా లిథియం నుంచి వందల ఆంపియర్లు పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది. మధ్యలో డయోడ్ పెట్టే పద్ధతికీ ఇదే చిక్కు, అది వెనక్కి పోకుండా ఆపుతుంది తప్ప ఎంత పోవాలో ఆపదు.

మేం పెట్టింది చిన్న డీసీ టు డీసీ చార్జర్. క్యాబిన్ బ్యాటరీ నుంచి తీసుకుని ఇంజన్ బ్యాటరీకి 5 ఆంపియర్లకు మించకుండా ఇస్తుంది. ముందు 14.4 దాకా నింపి, నిండాక ఫ్లోట్‌కి, అంటే నిండినదాన్ని అలాగే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజీకి, దిగుతుంది. లోపలి బ్యాటరీ 13 వోల్టుల కిందికి వస్తే తనే ఆగిపోతుంది. అంటే ఇంజన్ బ్యాటరీ కోసం ఫ్రిజ్ ఆరిపోయే పరిస్థితి రాదు. వైరు 4 స్క్వేర్ ఎంఎం వేశాం, పోనూ రానూ 14 మీటర్లు. రెండు చివర్లా, బ్యాటరీకి జానెడు దూరంలోనే, 10 ఆంపియర్ల ఫ్యూజులు. ఒక్క చివర ఫ్యూజ్ వేసి వదిలేస్తారు కొందరు. అది చాలదు. ఈ వైరుకి రెండు వైపులా బ్యాటరీలే ఉన్నాయి, మధ్యలో ఎక్కడ రాసుకుపోయి బాడీకి తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు వచ్చి కాలుస్తుంది.

ఒక మెలిక ఉంది. బండి నడుస్తున్నప్పుడు పాత పెద్ద రిలే కలిసి డైనమో కరెంటు లోపలికి పోతుంది. అదే సమయంలో ఈ చార్జర్ లోపలి నుంచి బయటికి పంపిస్తే కరెంటు గుండ్రంగా తిరుగుతూ ఊరికే వేడి పుడుతుంది. అందుకే చార్జర్ ఇన్‌పుట్ వైరుని ఐదు పిన్నుల రిలే గుండా తెచ్చాం. 30 నంబరు పిన్ను నుంచి 87ఏ పిన్నుకి. తాళం ఆఫ్‌లో ఉంటే ఆ దారి కలిసి ఉంటుంది, తాళం తిప్పగానే విడిపోతుంది. బండి ఆగి ఉన్నంతకాలం రిలే కాయిల్‌కి కరెంటు అవసరం లేదు, కాబట్టి ఆగి ఉన్నప్పుడు అదనపు భారం పడదు.

ఫ్లోట్ వోల్టేజీ దగ్గర మన ఎండల గురించి ఆలోచించాలి. పుస్తకాల్లో రాసేది 25 డిగ్రీలకు 13.6 అనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీకి ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 20 మిల్లీ వోల్టులు తగ్గించాలి. 40 డిగ్రీలకు అది 13.3 అవుతుంది. తగ్గించకుండా వేసవంతా 13.6 దగ్గరే ఉంచితే నీళ్లు ఆవిరైపోతాయి, ప్లేట్లు తేలిపోతాయి. పెట్టిన చార్జర్‌కి ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది, దాన్ని ఇంజన్ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ బోల్టుకే బిగించాం. సెన్సర్ లేని చార్జర్ వాడేవాళ్లు మార్చి నుంచి జూన్ దాకా చేత్తోనే 13.3కి దించుకోవడం మంచిది.

ఇన్వర్టర్ స్విచ్ ఆర్పి వెళ్లమని పెద్దాయనకు మరీ మరీ చెప్పాను. ఏమీ నడవకపోయినా ఈ బండిలోని ఇన్వర్టర్ 1 ఆంపియర్ తాగుతోంది, రోజుకు 24 ఆంపియర్ అవర్లు. ఇంజన్ బ్యాటరీ రోజూ అడిగేది ఒకటిన్నర. వానాకాలంలో వారం రోజులు ముసురు పట్టినా ఒకటిన్నరకు ఢోకా లేదు, ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే మాత్రం చెప్పలేం.

ఉగాది తర్వాత బండి ప్లాట్‌లో పెట్టారు. ఎండలకు ఈసారి ఎటూ వెళ్లలేదు, ఆదివారాల స్టార్టింగ్ మానేశారు. మధ్యలో ఒకసారి, మే నెలలో, పెద్దాయన భార్య వెళ్లి ఇంజన్ బ్యాటరీ మూతలు తీసి చూస్తే రెండు సెల్స్‌లో నీళ్లు గుర్తు కిందికి దిగి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోశారు. మృగశిర కార్తె దాటాక మేం వెళ్లాం. చార్జర్ ఫ్యూజ్ ముందు రోజు సాయంత్రమే తీసేయమన్నాం, పైపై చార్జింగ్ దిగిపోయి నిజమైన వోల్టేజీ కనబడాలని. పొద్దున 12.68 ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 10.4 దాకా దిగింది, ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. గ్రావిటీ ఆరు సెల్స్‌లోనూ 1.245 దగ్గరే. లోపలి బ్యాటరీ నిండుగా ఉంది.

అయితే పాత నష్టం తిరిగిరాలేదు. అదే వారం బ్యాటరీని షాపుకి తెచ్చి 5 ఆంపియర్ల లోడ్‌తో 10.5 వోల్టుల దాకా దించి చూస్తే 14 గంటలు వచ్చింది. అంటే 100కి 70 ఆంపియర్ అవర్లు. నెలల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు పోయిన ముప్పై అది. సెల్ఫ్ కొట్టడానికి ఇంకా సరిపోతుంది కాబట్టి మార్చమని నేను చెప్పలేదు. చలికాలంలో మళ్లీ లోడ్ టెస్ట్ చేసి చూద్దామనుకున్నాం.

ఇంకో పని మిగిలి ఉంది. డైనమో నుంచి లోపలి లిథియంకి పోయే పెద్ద రిలే దగ్గర, క్యాబిన్ బ్యాటరీ సగం దిగి ఉన్నప్పుడు రోడ్డు మీద 70 ఆంపియర్లకు పైగా చూపించింది, రిలే మీద చేయి పెట్టలేనంత వేడి. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, డైనమో గంటల తరబడి అలా నడవడానికి తయారైంది కాదు. అక్కడ కూడా కరెంటుకి హద్దు పెట్టే డీసీ టు డీసీ చార్జర్ వేయాలి. అది వేసేదాకా దూర ప్రయాణాల్లో ఆ రిలే స్విచ్ ఆఫ్‌లో ఉంచి, లోపలి బ్యాటరీకి సోలార్‌నే నమ్ముకోమని చెప్పాను.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు, మీద సోలార్ లేకపోతే, ప్లగ్ ఉన్న చోట బండి పెట్టుకుని ఆటోమేటిక్ మెయింటెనర్ చార్జర్ తగిలించి వదిలేయొచ్చు. మామూలు గ్యారేజ్ చార్జర్‌ని అలా రోజుల తరబడి వదలకండి, దానికి ఆగడం తెలియదు, బ్యాటరీని ఉడికిస్తుంది. ప్లగ్ లేదు గానీ ఎండ తగులుతుంది అంటే 20 వాట్ల చిన్న ప్యానెల్, దానికో చిన్న కంట్రోలర్ చాలు. అద్దం వెనక డాష్‌బోర్డు మీద పెడితే సగం ఎండ కూడా అందదు, టాప్ మీదే పెట్టాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టేవాళ్లకు ప్లగ్గూ లేదు, ఎండా లేదు. వాళ్లు నెగెటివ్ టెర్మినల్‌కి కటాఫ్ స్విచ్ పెట్టించుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉండగా ఆపితే రెండు నెలల దాకా ఆగుతుంది, ఎండాకాలంలో నెలకోసారి వోల్టేజీ చూసి 12.4కి వస్తే చార్జింగ్ పెట్టించాలి. స్విచ్ ఆపితే ట్రాకర్ కూడా ఆగిపోతుంది, లోపల సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్ అయితే కొన్ని గంటలు నడుస్తుందేమో గానీ నెలలు నడవదు. సెంట్రల్ లాక్‌తో కాకుండా తాళంతో తలుపు తెరుచుకుంటుందో లేదో ముందు చూసుకుని ఆపండి. బ్యాటరీ బానెట్ కిందో, లోపలో ఉంటే ఆ తలుపు తెరవడానికే కరెంటు కావాల్సి వస్తుంది.